తూటా డబ్బా మీది అంకెలు: బోర్, పొడవు, గుళ్ల నంబరు ఎలా చదవాలి

ట్రాప్ షూటింగ్ (గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్లలను షాట్‌గన్‌తో కొట్టే పోటీ) కోసం అమ్మే తూటాల డబ్బా మీద మామూలుగా "12/70, 24 గ్రా, 7½ (2.4)" అని ఉంటుంది. అదే తరహా అమెరికా డబ్బా మీద "12 గేజ్, 2¾ అంగుళాలు, 3 డ్రామ్ ఈక్వివలెంట్, 1⅛ ఔన్స్, 7½" అని ఉంటుంది. ఊళ్లో పంట కాపలా లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర దొరికే దేశీ తూటా మీద "ఎల్‌జీ", "ఎస్‌జీ", "బీబీ", లేకపోతే ఉత్త "4" ఉంటుంది. ఒక్కో అంకె ఒక్కో సంగతి చెబుతుంది. ఒకటి పౌను లెక్క, ఒకటి అంగుళాల లెక్క, ఇంకొకటి ఔన్సుల లెక్క. గుళ్ల నంబరుకైతే కొలమానమే లేదు, పైగా అది దేశాన్ని బట్టి మారుతుంది.

వీటిలో మొదటి రెండూ, అంటే బోర్, పొడవు, తుపాకీకి సరిపోవాలి. సరిపోకపోతే బ్యారెల్ పగలొచ్చు. మిగతావి ఆ తూటా ఏ పనికి పనికొస్తుందో చెప్పేవి. అందుకే డబ్బా చేతిలోకి తీసుకోగానే ముందు ఆ రెండే చూడాలి.

బోర్: అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది

మన దగ్గర బోర్ అంటారు, అమెరికాలో గేజ్ అంటారు. ఒక పౌను (453.6 గ్రాములు) స్వచ్ఛమైన సీసాన్ని సమానమైన పన్నెండు గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు 37.8 గ్రాములు తూగుతుంది, దాని వ్యాసం 18.5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోర్. అదే పౌనును ఇరవై గుండ్లు చేస్తే ఒక్కోటి 15.6 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, అది 20 బోర్. కాబట్టి 12 కన్నా 20 సన్నం, 20 కన్నా 28 (14 మిల్లీమీటర్లు) సన్నం, 12 కన్నా 10 (19.7 మిల్లీమీటర్లు) లావు. 12కూ 20కీ మధ్య ఉండే 16 బోర్ 16.8 మిల్లీమీటర్లు. మన దేశంలో లైసెన్సు షాట్‌గన్‌లలో ఎక్కువగా కనిపించేది 12 బోరే. లైసెన్సు పుస్తకంలో "12 బోర్ ఎస్‌బీబీఎల్" అంటే ఒంటి గొట్టం తుపాకీ, "డీబీబీఎల్" అంటే జంట గొట్టాలది. రెండూ వెనక నుంచి తూటా పెట్టేవే.

.410 ఒక్కటే ఈ లెక్కకు లొంగదు. అది గుండ్ల లెక్క కాదు, గొట్టం వ్యాసమే: 0.410 అంగుళం, అంటే 10.4 మిల్లీమీటర్లు. పౌను లెక్కలో పెడితే అది సుమారు 67 బోర్ అవుతుంది. యూరప్ డబ్బాల మీద దీన్నే "36" అని రాస్తారు. అది వాడుకలో స్థిరపడిపోయిన పేరే తప్ప పౌను లెక్కకు అందదు. మన పోలీసుల దగ్గర ఒకప్పుడు ఉన్న .410 మస్కెట్ తూటా మళ్లీ వేరు. దాన్ని .303 రైఫిల్ తూటా కేసు నుంచి తయారు చేశారు. పేరులో .410 ఉందని రెంటినీ ఒకదాని బదులు ఒకటి వాడకూడదు.

బోర్ విషయంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు 12 బోర్ తుపాకీలో 20 బోర్ తూటా పెట్టడం. 20 బోర్ తూటా అడుగున ఉండే ఇత్తడి అంచు వ్యాసం దాదాపు 19.4 మిల్లీమీటర్లు. 12 బోర్ ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే గది) దానికన్నా వెడల్పు, 20 మిల్లీమీటర్లు దాటే ఉంటుంది. కానీ ఛాంబర్ దాటాక గొట్టం 18.5కు సన్నబడుతుంది. అంటే 20 బోర్ తూటా ఛాంబర్‌లోంచి జారి, గొట్టం సన్నబడే చోట ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే ఛాంబర్ ఖాళీగానే కనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే పేలదు. "తూటా పెట్టడం మర్చిపోయినట్టున్నాను" అనుకుని ఈసారి 12 బోర్ తూటా పెట్టి పేలిస్తే, ముందున్న దాన్ని ఢీకొని గొట్టం అక్కడే చీలుతుంది. సరిగ్గా అక్కడే ఎడమ చెయ్యి ఉంటుంది. 20 బోర్ గొట్టంలో 28 బోర్ తూటాతోనూ ఇలాంటిదే జరగొచ్చు.

ఈ కారణంగానే అమెరికాలో 20 బోర్ తూటాలను పసుపు రంగులోనే చేయడం ఆనవాయితీ అయింది. మిగతా బోర్‌లకు రంగు నియమం లేదు. 12 బోర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు, పారదర్శకం అన్నీ దొరుకుతాయి. రంగు చూసి బోర్ గుర్తుపట్టొచ్చనే ధీమా వద్దు. ఇత్తడి అడుగున చెక్కిన అంకె చదవాలి. ఇంట్లో రెండు బోర్‌ల తుపాకులుంటే రెండు రకాల తూటాలనూ ఒకే సంచిలో, ఒకే జేబులో ఎప్పుడూ కలపకూడదు.

పొడవు: కొలిచేది పేలిన తూటాను, పేలనిదాన్ని కాదు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. "12/70" అన్నప్పుడు 70 మిల్లీమీటర్లు అనేది తూటా పేలి, మూతి మడత పూర్తిగా విచ్చుకున్నాక దాని పొడవు. పేలకముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి అదే తూటా స్కేలు మీద 58 మిల్లీమీటర్ల దగ్గర్లో వస్తుంది. స్కేలు పెట్టి కొలిచి "ఇది 65 ఛాంబర్‌లో హాయిగా పడుతుంది" అనుకుంటే మోసపోయినట్టే. పడటం పడుతుంది, తలుపు మూసుకుంటుంది, ఏ తేడా తెలియదు. పేల్చినప్పుడు మాత్రం మూతి విచ్చుకోవడానికి చోటు చాలక, గొట్టం సన్నబడే చోటికి చొచ్చుకుపోతుంది. గుళ్లూ, వాటికీ మందుకూ మధ్య ఉండే వాడ్డూ (అడ్డు బిళ్ల) ఆ ఇరుకులోంచి దూరాలి. లోపల ఒత్తిడి పెరుగుతుంది, భుజానికి దెబ్బ గట్టిగా తగులుతుంది, ఖాళీ కేసు బయటికి రాక మొరాయిస్తుంది. పాత తుపాకీ అయితే కీలు వదులవుతుంది, గొట్టమే పగిలే ప్రమాదమూ ఉంది.

12 బోర్‌లో వాడుకలో ఉన్న పొడవులు ఇవి. 65 మిల్లీమీటర్లు అంటే 2½ అంగుళాలు, 70 అంటే 2¾, 76 అంటే 3, 89 అంటే 3½. నియమం ఒక్కటే: ఛాంబర్ పొడవు కన్నా తూటా పొడవు ఎక్కువ ఉండకూడదు. తక్కువ ఉండొచ్చు. 76 ఛాంబర్‌లో 70 తూటా, 70 ఛాంబర్‌లో 65 తూటా పేల్చినా తుపాకీకి ప్రమాదం లేదు. సెమీ ఆటోమేటిక్ అయితే తక్కువ శక్తి ఉన్న పొట్టి తూటా బోల్టును పూర్తిగా వెనక్కి నెట్టలేక మధ్యలో ఆగిపోవచ్చు, అంతే.

తెలుగు రాష్ట్రాల్లో తాతల కాలం నుంచి వస్తున్న ఇంగ్లిష్ జంట గొట్టాల తుపాకులు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో లైసెన్సు మీద ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఛాంబర్ 65 మాత్రమే. ఇప్పుడు దుకాణంలో అడగ్గానే చేతికొచ్చేది ఎక్కువగా 70 తూటా. వారసత్వంగా తుపాకీ వచ్చినవాళ్లు తూటా కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది. తుపాకీ ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, ముందు చెక్క ఊడదీసి, గొట్టాలను వేరు చేసి తిరగేయాలి. గొట్టాల అడుగున, తుపాకీ ఒంటికి ఆనుకునే చదునైన చోట ప్రూఫ్ ముద్రలు (గొట్టం బలాన్ని పరీక్షించి కొట్టే గుర్తులు) ఉంటాయి. "2½" లేదా "65" అని ఉంటే 65 ఛాంబర్. "2¾" లేదా "70" ఉంటే 70. కొన్ని ఇంగ్లిష్ తుపాకుల మీద పొడవుతోపాటు ఒత్తిడి కూడా చదరపు అంగుళానికి టన్నుల్లో కొట్టి ఉంటుంది. "3 టన్స్" అంటే 2½ అంగుళాల ఛాంబర్, "3¼ టన్స్" అంటే 2¾, "4 టన్స్" అంటే 3 అంగుళాలది.

ముద్రలు అరిగిపోతే, అసలు లేకపోతే, ఊహించి తూటా కొనవద్దు. లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర ఛాంబర్ కొలిచే గేజ్ ఉంటుంది, అక్కడ కొలిపించాలి. వెనకటి యజమాని దాన్ని 70కి తొలిపించి ఉండొచ్చు. అలా తొలిచాక మళ్లీ ప్రూఫ్ పరీక్ష జరగకపోతే ఆ 70ని నమ్మడానికి లేదు, ఎందుకంటే తొలిచిన చోట గొట్టం గోడ పలచబడుతుంది. గొట్టాల మీద చెక్క పొరల్లాంటి మెలికల గీతలు కనిపిస్తే అది ఇనుము, ఉక్కు పట్టీలు మెలితిప్పి చేసిన డమాస్కస్ గొట్టం. నైట్రో ప్రూఫ్ ముద్ర (పొగరాని మందుతో పరీక్షించిన గుర్తు) ఉండి, గన్‌స్మిత్ పరిశీలించి సరే అన్నాక తప్ప అందులో నేటి పొగరాని మందు తూటా పేల్చకూడదు.

పొడవు తర్వాత మూడో అంకె కూడా కొన్ని యూరప్ డబ్బాల మీద కనిపిస్తుంది: "12/70/16". ఆ 16 ఇత్తడి టోపీ ఎత్తు, మిల్లీమీటర్లలో. 8, 16, 22 ఎక్కువగా కనిపిస్తాయి. ఇత్తడి ఎత్తుగా ఉంటే తూటా ఘాటైనదని ఒక నమ్మకం ఉంది. అట్టతో కేసులు చేసిన రోజుల్లో దానికి అర్థముండేది. ప్లాస్టిక్ కేసులొచ్చాక ఇత్తడి ఎత్తుకీ బలానికీ ఖాయమైన సంబంధం లేదు. గ్రాములు, వేగం చూడటమే మేలు.

గ్రాములు, ఔన్సులు, డ్రాములు

"24 గ్రా", "28 గ్రా", "32 గ్రా" అన్నది గుళ్ల మొత్తం బరువు, మందు బరువు కాదు. ఔన్సుల్లో ⅞ అంటే దాదాపు 25 గ్రాములు, 1 ఔన్స్ 28, 1⅛ ఔన్స్ 32, 1¼ ఔన్స్ 35. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య పోటీల్లో ట్రాప్, స్కీట్ (మట్టి బిళ్లలను దగ్గర నుంచి కొట్టే పోటీ) రెండింటికీ గుళ్ల బరువు 24.5 గ్రాములు దాటకూడదు, గుండు వ్యాసం 2.6 మిల్లీమీటర్లు దాటకూడదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పురుషుల ట్రాప్ టీమ్ స్వర్ణం గెలిచిన జట్టులో మన హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ ఉన్నారు. ఆయన పోటీలో వాడే తూటాకూ ఇదే హద్దు. కొత్తగా రేంజికి వెళ్లేవాళ్లు 28 గ్రాముల డబ్బాలు కొని సాధన చేస్తే, పోటీ రోజున అవి పనికిరావు.

అమెరికా డబ్బాల మీది "డ్రామ్ ఈక్వివలెంట్" పాతకాలం కొలత. నల్లమందు రోజుల్లో ఇన్ని డ్రాముల మందు పోస్తే ఎంత వేగం వచ్చేదో, ఈ తూటా కూడా అంత వేగం ఇస్తుందని దానర్థం. లోపల నిజంగా అన్ని డ్రాముల మందు ఉందని కాదు. 1⅛ ఔన్సు గుళ్లకు "3 డ్రామ్" అంటే సెకనుకు 1200 అడుగులు, "2¾ డ్రామ్" అంటే 1145 అడుగులు. ఈ అంకెను మందు తూకంగా తీసుకుని పొగరాని మందు నింపితే తుపాకీ పేలిపోతుంది. ఇప్పటి డబ్బాల మీద వేగం నేరుగా ఉంటుంది, అదే చూడండి.

గుళ్ల నంబరు: మన 6, అమెరికా 6 ఒకటి కాదు

నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. ఆవగింజంత గుండు 9 నంబరు, శనగగింజంత గుండు ఎల్‌జీ. మధ్యలో ఉన్నవి దేశానికో రకం. మన దేశంలో వాడుక ఇంగ్లండ్ పద్ధతి.

ఇంగ్లండ్ పద్ధతిలో పెద్ద గుళ్లకు అక్షరాలు, చిన్నవాటికి అంకెలు. ఎల్‌జీ 9.1 మిల్లీమీటర్లు, ఔన్సుకు ఆరు గుళ్లు. ఎస్‌జీ 8.4, ఔన్సుకు ఎనిమిది. స్పెషల్ ఎస్‌జీ 7.6, ఔన్సుకు పదకొండు. ఎస్‌ఎస్‌జీ 6.8, ఔన్సుకు పదిహేను. ఏఏఏ 5.2 మిల్లీమీటర్లు, ఔన్సుకు 35. బీబీ 4.1, ఔన్సుకు 70. అక్కడి నుంచి 1 నంబరు 3.6, 3 నంబరు 3.3, 4 నంబరు 3.1, 5 నంబరు 2.8, 6 నంబరు 2.6, 7 నంబరు 2.4, 9 నంబరు 2.0 మిల్లీమీటర్లు. ఎస్‌ఎస్‌జీలో ఒక "ఎస్" ఎక్కువ ఉంది కదా, ఎస్‌జీ కన్నా పెద్దదేమో అనుకునేవాళ్లున్నారు. నిజానికి అది చిన్నది.

అమెరికా పద్ధతికి ఒక సులువైన సూత్రముంది. 17లోంచి నంబరు తీసేస్తే, మిగిలినది అంగుళంలో నూరో వంతుల్లో వ్యాసం. 6 నంబరు అంటే 17 – 6 = 11, అంటే 0.11 అంగుళం, 2.8 మిల్లీమీటర్లు. 7½ అంటే 9.5, అంటే 0.095 అంగుళం, 2.4 మిల్లీమీటర్లు. 4 అంటే 0.13, 3.3 మిల్లీమీటర్లు. పై పట్టీతో పోల్చి చూడండి: అమెరికా 4 మన 3, అమెరికా 6 మన 5, అమెరికా 7½ మన 7. అంటే ఈ నంబర్లలో అమెరికా గుండు మన అదే నంబరు గుండు కన్నా కాస్త లావు. ఔన్సుకు మన 6లో 270 గుళ్లు ఉంటే, అమెరికా 6లో 225 మాత్రమే. బీబీ తేడా ఇంకా ఎక్కువ, మనది 4.1, వాళ్లది 4.6 మిల్లీమీటర్లు. అమెరికాలో స్థిరపడి అక్కడ షూటింగ్ నేర్చుకున్న మనవాళ్లు ఇక్కడి డబ్బా చూసినప్పుడు నంబరును కాక మిల్లీమీటర్లను నమ్మితే గందరగోళం ఉండదు.

ఆ 17 సూత్రం చిన్న గుళ్లకే. పెద్ద గుళ్లను అమెరికాలో బక్‌షాట్ అంటారు, వాటికి వేరే వరస. 4 బక్ 6.1 మిల్లీమీటర్లు, 1 బక్ 7.6, సున్నా 8.1, జంట సున్నా 8.4, మూడు సున్నాలు 9.1. జంట సున్నాను అక్కడ "డబుల్ ఆట్" అంటారు. 70 మిల్లీమీటర్ల 12 బోర్ తూటాలో మామూలుగా తొమ్మిది గుళ్లు, కొన్నిటిలో ఎనిమిది ఉంటాయి. మన ఎస్‌జీకి దాదాపు సమానం అది, ఎల్‌జీకి సమానం మూడు సున్నాలు. ఇక్కడ జాగ్రత్త: "4" అన్నది రెండు వరసల్లోనూ ఉంది. "4" అంటే 3.3 మిల్లీమీటర్లు, "4 బక్" అంటే 6.1. డబ్బా మీద "బక్" అనే మాట ఉందో లేదో చూడకపోతే పూర్తిగా వేరే తూటా ఇంటికి తెచ్చుకున్నట్టే.

డబ్బా మీద "స్టీల్" అని ఉంటే అది సీసం కాదు, మెత్తని ఇనుము. సీసం కన్నా తేలిక కాబట్టి అదే దెబ్బ రావాలంటే రెండు నంబర్లు పెద్ద గుండు తీసుకుంటారు, సీసం 6 బదులు స్టీల్ 4. అమెరికాలో నీటిపక్షుల వేటకు 1991 నుంచి సీసం నిషేధం, అందుకే అక్కడ స్టీల్ ఎక్కువ. గట్టి గుళ్లు కావడం వల్ల పాత పలచని గొట్టాలకూ, బిగువైన చోక్‌కూ (గొట్టం మూతి దగ్గరి ఇరుకు) అవి మంచివి కావు. "స్లగ్" అని ఉంటే గుళ్లు కాదు, ఒకే సీసపు ముద్ద.

పెద్ద గుండు తీసుకునేవాళ్లు దాని దూరం కూడా గుర్తుంచుకోవాలి. గుండు వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని 2200తో గుణిస్తే, అది గాల్లో వెళ్లగలిగే అత్యధిక దూరం గజాల్లో సుమారుగా వస్తుంది. 2.4 మిల్లీమీటర్ల గుండు దాదాపు 190 మీటర్లు, ఎస్‌జీ 650 మీటర్లు దాటి వెళ్తుంది. రేంజిలో 7½, 9 నంబర్లకు సరిపోయే ఖాళీ స్థలం, ఎల్‌జీకీ ఎస్‌జీకీ అసలు చాలదు. పొలం గట్టు మీద నుంచి పేల్చిన ఎల్‌జీ గుండు పక్క పొలం దాటి రోడ్డు దాకా పోగలదు. పంట కాపలా లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవి జంతువును కాల్చే హక్కు కూడా రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి వేరే అనుమతి కావాలి.

ఇప్పుడు రెండు డబ్బాలూ చదువుదాం

"12/70, 24 గ్రా, 7½ (2.4)". 12 బోర్, పేలాక 70 మిల్లీమీటర్లు, గుళ్ల బరువు 24 గ్రాములు, ఒక్కో గుండు 2.4 మిల్లీమీటర్లు. లెక్కన లోపల దాదాపు 300 గుళ్లు. ట్రాప్‌కు సరిపోతుంది. అదే డబ్బా మీద "9 (2.0)" ఉంటే గుళ్లు దాదాపు 500, దగ్గర నుంచి కొట్టే స్కీట్‌కు పనికొస్తుంది. బ్రాకెట్లో మిల్లీమీటర్లు ఉన్న డబ్బాతో పేచీ లేదు. 2.4ను ఒక దేశం 7 అన్నా, ఇంకో దేశం 7½ అన్నా గుండు అదే.

"12 గేజ్, 2¾, 3 డ్రామ్, 1⅛, 7½". ఇదీ 12 బోర్, 70 మిల్లీమీటర్లే. గుళ్లు 32 గ్రాములు, 2.4 మిల్లీమీటర్లు, వేగం 1200 అడుగులు. 70 ఛాంబర్ తుపాకీలో సాధనకు పేల్చొచ్చు, 65 ఛాంబర్‌లో పెట్టకూడదు, అంతర్జాతీయ నియమాల పోటీలో దించకూడదు.

పెట్టే ముందు, పేల్చాక

విడి తూటా దొరికితే డబ్బా మీద ఉండాల్సిన సమాచారంలో సగమే చేతికొస్తుంది. ఇత్తడి అడుగున బోర్ ఉంటుంది, ఒంటి మీద గుళ్ల నంబరు, ఒక్కోసారి పొడవు అచ్చయి ఉంటాయి. పొడవు చెరిగిపోయిన తూటాను 65 ఛాంబర్‌లో పెట్టవద్దు. ఒంటి మీద గుళ్ల నంబరు చెరిగిపోతే లోపల ఏముందో తెలియదు కాబట్టి దాన్నీ పక్కన పెట్టాలి. కోసి చూడటం తగదు.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే, గొట్టాన్ని సురక్షితమైన వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగండి. ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే భాగం) ఆలస్యంగా అంటుకోవడం అరుదే కానీ జరుగుతుంది. తర్వాత తెరిచి తూటా తీసి, గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి. ముందు చెప్పిన 20 బోర్ ప్రమాదం తప్పించేది కూడా ఈ చూపే.

"ఢాం" బదులు "టుప్" అని మెల్లగా పేలితే అది ఇంకా ప్రమాదం. మందు పూర్తిగా కాలకపోతే వాడ్ గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. తర్వాతి తూటా పేలిస్తే ఆ చోటే గొట్టం ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. శబ్దం తేడాగా వచ్చిందంటే ఆపి, తుపాకీ ఖాళీ చేసి, గొట్టంలోకి చూసి, అడ్డుంటే రాడ్‌తో తీసి, అప్పుడే మళ్లీ పేల్చాలి.

మన వానాకాలపు తేమకు ఈ సమస్య ఎక్కువగా వచ్చేది పాత అట్ట తూటాలతో. అవి తేమ పీల్చి ఉబ్బి ఛాంబర్‌లో సగం దాకానే దిగుతాయి. బలంగా నెట్టి తలుపు మూయవద్దు. ఇత్తడి మీద పచ్చగా చిలుము పట్టినవి, మూతి మడత విచ్చుకుని గుళ్లు కనిపిస్తున్నవి కూడా పేల్చకూడదు. వాటిని చెత్తలో వేయకండి, మంటలో వేయకండి. లైసెన్సు పుస్తకంతో సహా డీలరుకో, పోలీస్ స్టేషనుకో అప్పగించి, మీ తూటాల లెక్కలోంచి తీసేసినట్టు రాయించుకోండి.